పల్టీలు కొట్టే మాటలు, చుట్టలు చుట్టుకున్న మాటలు

అందరికీ నమస్కారం.

ఇంగ్లీషులో దొర్లడానికి, పొర్లడానికి, పల్టీ కొట్టడానికి చాలా మాటలున్నాయి. ఇవాళ వాటి గురించి మాట్లాడుకుందాం. వినడానికి చిన్న విషయమే. కానీ ఒక్కో మాటనూ పట్టుకుని వెనక్కి వెళ్తుంటే సర్కస్ వాళ్లు, ఉన్ని బట్టలు తొక్కే కూలీలు, రాజుగారి ఖజానా గుమాస్తాలు, నాటకాల్లో వేషం కట్టేవాళ్లు, డార్విన్ పెంచిన పావురాలు వరసగా తగులుతూనే ఉంటారు.

నాకు అర్థమైనది ముందే చెప్పేస్తాను. ఈ మాటలు ఇంగ్లీషులోకి రెండు దారుల్లో వచ్చాయి. మొదటిది ఒంటి దారి, అంటే మన ఒళ్లు చూపించిన దారి. టంబుల్, టాపుల్, వాలో, ట్రండిల్ లాంటి పొట్టి జర్మానిక్ (ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల సొంత కుటుంబం) మాటలు ఈ దారిన వచ్చాయి. మనిషి కాళ్లూ చేతులూ తలా చేసే పనుల్లోంచి పుట్టినవవి. రెండోది కాయితం దారి. రోల్, కంట్రోల్, వాల్యూమ్, ఎవల్యూషన్ లాంటివి లాటిన్ నుంచి, ఎక్కువగా ఫ్రెంచి మీదుగా వచ్చాయి. వీటి నడుమ ఎక్కడో ఒకచోట చుట్ట చుట్టిన రాతప్రతి ఒకటి ఉంటుంది. ఆ చుట్ట కళ్లముందు కనబడకపోతే ఇవాళ ఆఫీసుల్లో వాడే ఇంగ్లీషు సగం అర్థం కానట్టే.

టంబుల్‌తో మొదలుపెడదాం. ఇవాళ ఈ మాట వింటే పడిపోవడమే గుర్తొస్తుంది. మెట్ల మీంచి టంబుల్ అయ్యాడంటే కాలు జారి దొర్లుకుంటూ కిందికొచ్చాడని. షేర్ మార్కెట్ టంబుల్ అయిందంటే ఒక్కసారిగా కుప్పకూలిందని. కానీ మొదట్లో ఈ మాటకు పడిపోవడమనే అర్థం లేదు. పాత ఇంగ్లీషులో తుంబియన్ అనే క్రియ ఉండేది. దానికి గెంతులు వేస్తూ, పల్టీలు కొడుతూ నాట్యం చేయడమని అర్థం. ఎంతో సాధన చేస్తేగానీ రాని విద్య అది.

దీనికి మంచి సాక్ష్యమే ఉంది. బైబిల్లో హేరోదు రాజు పుట్టినరోజు విందు కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. హేరోదియ కూతురు రాజు ముందు నాట్యం చేస్తుంది. ఆ నాట్యం చూసి రాజు మెచ్చుకుంటాడు, ఏం కావాలో కోరుకోమంటాడు, ఆమె బాప్తిస్మమిచ్చే యోహాను తలను కోరుతుంది. దాదాపు వెయ్యేళ్ల కిందట సువార్తల్ని పాత ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్లు, ఆమె నాట్యం చేసిందని చెప్పాల్సిన చోట ఈ తుంబియన్ క్రియనే వాడారు. అంటే వాళ్ల ఊహలో ఆ పిల్ల రాజుగారి ముందు పల్టీలు కొట్టింది. ఇలా ఊహించింది వాళ్లొక్కరే కాదు. ఫ్రాన్స్‌లోని రువాన్ కెథెడ్రల్ ముఖద్వారాల్లో ఒకదాని మీద ఈ కథంతా రాతిలో చెక్కి ఉంది. 13వ శతాబ్దపు పని అది. అందులో రాజూ అతిథులూ బల్ల దగ్గర కూర్చుని ఉంటారు. హేరోదియ కూతురు సలోమి వాళ్ల పక్కనే అరచేతులు నేలకు ఆన్చి, కాళ్లు పైకెత్తి, తలకిందులుగా నిలబడి ఉంటుంది. మధ్యయుగపు యూరప్‌లో రాజులకు వినోదం కలిగించే నాట్యమంటే ఇలాగే ఉంటుందని అనుకునేవాళ్లన్నమాట.

మరి విద్యగా ఉన్న మాట ప్రమాదంగా ఎలా మారింది? మారడం పెద్ద కష్టమేమీ కాదు. పల్టీ కొట్టేవాడి ఒళ్లు గాల్లో తిరిగే తీరూ, మెట్ల మీంచి జారిపడ్డవాడి ఒళ్లు తిరిగే తీరూ చూడటానికి ఒకలాగే ఉంటాయి. మొదటివాడు కావాలని చేస్తాడు, రెండోవాడికి అది జరిగిపోతుంది. భాష ముందు ఆ ఆకారాన్ని పట్టుకుంది, ఉద్దేశాన్ని తర్వాత వదిలేసింది. ఫ్రెంచిలో పడిపోవడానికి ఇవాళ వాడే తోంబే అనే క్రియ కూడా ఈ జర్మానిక్ కుటుంబం నుంచే వెళ్లిందని పండితులు చెబుతారు. పాత ఫ్రెంచిలో పల్టీలు కొట్టేవాణ్ని ఇదే మాటతో పిలిచేవాళ్లు. అక్కడ విద్య అర్థం పూర్తిగా పోయి, పడటం ఒక్కటే మిగిలింది. ఇంగ్లీషు కాస్త నయం, రెండూ ఉంచుకుంది. జిమ్నాస్టిక్స్‌లో టంబ్లింగ్ అనే అంశం ఇప్పటికీ ఉంది. 1932లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో దాన్ని విడిగా ఒక పోటీగా పెట్టారు. అమెరికాకు చెందిన రోలండ్ వుల్ఫ్ స్వర్ణం గెలిచాడు. ఆ తర్వాత ఒలింపిక్స్‌లో దాన్ని మళ్లీ విడి పోటీగా పెట్టలేదు.

తుంబియన్‌లో లేనిది, టంబుల్‌లో ఉన్నది చివరి ‘ల్’ చప్పుడు. అది ఊరికే వచ్చి చేరలేదు. ఇంగ్లీషులో ఒక పని మళ్లీ మళ్లీ జరుగుతోందని చెప్పడానికి మాట చివర ఈ చప్పుడు తగిలించే పద్ధతి పాతది. స్పార్క్ అంటే ఒక నిప్పురవ్వ, స్పార్కిల్ అంటే రవ్వలు రవ్వలుగా మెరుస్తూ ఉండటం. క్రాక్ అంటే ఒక్క చప్పుడు, క్రాకిల్ అంటే చిటపటలు. వాబుల్, వాడిల్, రిగిల్ అన్నీ ఈ అచ్చులో పోసినవే. టాప్, అంటే పైకొస, దానికి ఈ చప్పుడు చేరితే టాపుల్ అయింది. పైభాగం బరువై, ఊగి ఊగి చివరికి ఒరిగిపోవడం. ఇవాళ విగ్రహాల్నీ ప్రభుత్వాల్నీ కూల్చడానికి ఈ మాటే వాడతారు. మనం ఇదే పనికి మాటను రెండుసార్లు పలుకుతాం: గిరగిర, దొర్లుదొర్లు, చిటపట. వాళ్లు చివర ఒక్క ‘ల్’ తగిలించి సరిపెట్టుకుంటారు. చెవితో వింటే రెండు పద్ధతుల్లోనూ కదలిక వినిపిస్తుంది.

టంబ్లర్ అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. తాగే గ్లాసుకి ఆ పేరెందుకు? ఇప్పటి టంబ్లర్ అడుగు చదునుగా ఉంటుంది, పెట్టినచోట కదలకుండా నిలబడుతుంది. 17వ శతాబ్దంలో ఈ పేరు పుట్టినప్పుడు మాత్రం ఆ పాత్రల అడుగు గుండ్రంగానో మొనదేలో ఉండేది. నిండుగా ఉన్నప్పుడు కింద పెడితే ఒరిగిపోయి ఉన్నదంతా ఒలికిపోతుంది. పూర్తిగా తాగి ఖాళీ చేస్తే తప్ప చేతిలోంచి దించడానికి లేదు. తర్వాత అడుగు చదునైంది, పేరు మాత్రం ఉండిపోయింది. పాత్ర ఆకారం మారిపోయినా దాని పాత తీరు పేరులో నిలిచిపోవడం నాకు చాలా ఇష్టమైన విషయం. తాళంలో టంబ్లర్ ఉంటుంది, తాళంచెవి తిరిగినప్పుడు లేచి, తీశాక తిరిగి పడే చిన్న మీట అది. బట్టల్ని దొర్లిస్తూ ఆరబెట్టే యంత్రానికీ ఇదే పేరు. ఇక టంబుల్‌వీడ్ సంగతి. అమెరికా ఎడారుల్లో గాలికి దొర్లుకుంటూ పోయే ఎండిన ముళ్లపొద మీ అందరికీ సినిమాల్లో కనిపించే ఉంటుంది. అమెరికా పడమటి నేలకు అదే గుర్తు అనుకుంటాం. నిజానికి వాటిలో బాగా పేరుమోసిన రష్యన్ తిసిల్ అక్కడిది కానే కాదు. 1870ల్లో రష్యా వైపు నుంచి వచ్చిన అవిసె విత్తనాల్లో కలిసి దక్షిణ డకోటాకి చేరింది. మొక్క పండి ఎండాక కాండం మొదట్లో తెగిపోతుంది, పొదంతా బంతిలా గాలికి దొర్లుతూ దారి పొడుగునా విత్తనాలు చల్లుకుంటూ పోతుంది. దాని బతుకుతెరువే దొర్లడం.

సోమర్‌సాల్ట్, అంటే పల్టీ, గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, కానీ దాని చుట్టాల గురించి చెప్పాలి. లాటిన్‌లో సుప్రా అంటే పైన, సాల్టుస్ అంటే గెంతు. రెండూ కలిసి దక్షిణ ఫ్రాన్స్ భాషలో ఒక రూపు, ఫ్రెంచిలో మరో రూపు దిద్దుకుని, 16వ శతాబ్దంలో ఇంగ్లీషుకి చేరాయి. వేసవి కాలానికీ ఈ మాటకీ సంబంధమేమీ లేదు. అయినా ఇంగ్లీషువాళ్లు వినబడినదాన్ని బట్టి రకరకాలుగా రాసుకున్నారు. 1843లో రాచ్‌డేల్ ఊళ్లో పాబ్లో ఫాంక్ సర్కస్ కోసం అచ్చేసిన పోస్టర్‌లో సోమర్‌సెట్ అని ఉంటుంది, ఇంగ్లాండులోని జిల్లా పేరులాగా. ఇక గెంతుకి సంబంధించిన ఆ సాల్టుస్ కుటుంబంలో ఎవరున్నారో చూడండి. ఇన్‌సల్ట్ అంటే మీదికి గెంతడం. అసాల్ట్ కూడా అంతే. రిజల్ట్ అంటే వెనక్కి ఎగిరి రావడం. డిసల్టరీ అనే మాట ఉంది, ఒక పద్ధతి లేకుండా ఇది కాస్త అది కాస్త చేయడాన్ని అలా అంటారు. అది రోమ్ పందేల మైదానం నుంచి వచ్చింది. పరిగెత్తే ఒక గుర్రం మీంచి పక్క గుర్రం మీదికి దూకే రౌతుని డెసుల్టర్ అనేవాళ్లు. ఆ రౌతు ప్రాణాలకు తెగించి చేసిన విన్యాసం చివరికి నిలకడలేని మనిషిని తప్పుపట్టే మాటగా మిగలడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

తలకిందులవడానికి ఇంగ్లీషులో ఉన్న పలుకుబళ్లన్నీ ఏదో ఒక రకంగా తలకిందులైనవే. హెడ్ ఓవర్ హీల్స్ తీసుకోండి. మడమల పైన తల అని దాని అర్థం. తల మడమల పైన ఉంటే మనిషి మామూలుగా నిలబడ్డట్టే కదా! 14వ శతాబ్దంలో ఆ పలుకుబడి సరిగ్గానే ఉండేది, హీల్స్ ఓవర్ హెడ్, తల పైన మడమలు. 18వ శతాబ్దానికి వచ్చేసరికి జనం నోట్లో మాటలు చోటు మార్చుకున్నాయి. ఆ తప్పు రూపమే నిలిచింది, ఇప్పుడు ప్రేమలో పడినవాళ్ల గురించి చెప్పడానికి వాడుతున్నారు. అప్‌సైడ్ డౌన్ కథ ఇలాంటిదే. మొదట అది అప్ సో డౌన్, అంటే పైది కిందైనట్టు. నడుమ ఉన్న ‘సో’ ఎందుకుందో అర్థం కాక జనం దాన్ని సైడ్ చేసేశారు. టాప్సీ టర్వీ అనేది 16వ శతాబ్దం నాటిది. అందులో మొదటి భాగం టాప్ అని స్పష్టంగానే ఉంది, రెండో భాగం తిరగేయడం అనే అర్థమున్న, ఇప్పుడు వాడుకలో లేని పాత క్రియ అని నిఘంటువులు చెబుతాయి.

ఇప్పటిదాకా గాల్లో తిరిగాం, ఇక నేల మీద దొర్లేవాటి దగ్గరికి వద్దాం. వాలో అనే క్రియ ఉంది, బురదలో గేదె పొర్లడం. మనసులో బాధలో పొర్లడానికి కూడా అదే. పాత ఇంగ్లీషులో వెయాల్వియన్ అనేవాళ్లు. దీని మూలధాతువును భాషా శాస్త్రవేత్తలు తిరగడం, చుట్టడం అనే అర్థంతో పునర్నిర్మించారు. లాటిన్‌లో దొర్లించడం అనే వోల్వెరె అందులోంచి వచ్చింది. మన వలయం కూడా ఆ గూటి పక్షే. కార్ల కంపెనీ వోల్వో పేరుకి లాటిన్‌లో ‘నేను దొర్లుతాను’ అని అర్థం. ఆ పేరును 1915లో స్వీడన్‌లో బాల్ బేరింగుల కోసం రిజిస్టర్ చేయించారు, మొదటి కారు 1927లో వచ్చింది. బేరింగుకి అంతకన్నా సరైన పేరు ఎవరు పెట్టగలరు? జర్మన్‌లో రోలరుని వాల్ట్సె అంటారు, గుండ్రంగా తిరుగుతూ చేసే నాట్యం వాల్ట్స్.

ఇక్కడ అందరినీ ఆశ్చర్యపరిచే మాట వాక్. నడవడం. పాత ఇంగ్లీషులో వెయాల్కన్ అంటే దొర్లడం, అటూ ఇటూ కొట్టుకుపోవడం. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యంలో సముద్రపు అలల దొర్లుడుని చెప్పడానికి ఈ ధాతువునే వాడారు. అలల నుంచి కాళ్లకు ఎలా వచ్చింది? అది నిఘంటువులు తేల్చి చెప్పే విషయం కాదు, కానీ నడుమ ఒక వృత్తి ఉందని మాత్రం తెలుసు. నేసిన ఉన్ని బట్ట వదులుగా, జిడ్డుగా ఉంటుంది. దాన్ని తొట్టిలో నీళ్లతో వేసి, కొన్నిచోట్ల బంకమట్టి కలిపి, గంటల తరబడి కాళ్లతో తొక్కుతారు. తొక్కేకొద్దీ పోగులు దగ్గరపడి బట్ట దట్టమవుతుంది. ఆ పనిని వాక్ అనేవాళ్లు, ఆ పనివాణ్ని వాకర్. ఇంగ్లాండులో వాకర్ ఇంటిపేరు అలా వచ్చిందే, ఎక్కువ నడిచేవాళ్లకు పెట్టిన పేరు కాదు. అదే పని చేసేవాణ్ని ఇంకో ప్రాంతంలో ఫుల్లర్ అనేవాళ్లు, నైరుతి వైపు టకర్ అనేవాళ్లు. మూడు ఇంటిపేర్లు, ఒకటే తొట్టి. జర్మన్‌లో వాల్కెన్ అంటే ఇప్పటికీ ఉన్నిబట్ట తొక్కి దట్టం చేయడమే.

ట్రెండ్ కూడా దొర్లుడు మాటే. పాత ఇంగ్లీషులో ట్రెండన్ అంటే గుండ్రంగా తిరగడం. తర్వాత నది ఎటు మలుపు తిరిగింది, తీరం ఎటు వంగింది అని చెప్పడానికి నావికులు, పటాలు గీసేవాళ్లు వాడారు. ఆపైన లెక్కల్లో గీత ఎటు పోతోందో దానికి, చివరికి ఫ్యాషన్లకి. ఇవాళ ఫలానాది ట్రెండింగ్ అంటున్నామంటే పాత మాటలో అది దొర్లుతోందన్నట్టే. ట్రండిల్ దానికి తోబుట్టువు, చిన్న చక్రం. చక్రాల మీద నెట్టి పెద్ద మంచం కిందికి తోసేసే పొట్టి మంచాన్ని ట్రండిల్ బెడ్ అంటారు. దానికే ట్రకిల్ బెడ్ అని ఇంకో పేరు, అది చక్రానికి సంబంధించిన గ్రీకు మాట నుంచి వచ్చింది. యజమాని పై మంచం మీద, నౌకరు కింది మంచం మీద పడుకునేవాళ్లు. అందుకని ట్రకిల్ అంటే ఒకరికి లొంగి ఉండటం అయింది.

ఇక కాయితం దారి. నాకు అసలు ఇష్టమైన భాగం ఇదే.

లాటిన్‌లో రోటా అంటే చక్రం. మన రథం దానికి దగ్గరి చుట్టం, రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి. (ఇంగ్లీషు వీల్ మాత్రం మన చక్రానికి చుట్టం, అది వేరే ధాతువు.) రోటా నుంచి చిన్న చక్రం అనే అర్థంలో రోటులుస్ పుట్టింది. పొడవైన తోలు రాతప్రతిని చుట్టి పక్కనుంచి చూస్తే చిన్న చక్రంలాగే ఉంటుంది. అందుకే ఆ చుట్టకే ఆ పేరు వచ్చింది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో అది రోల్ అయింది. ఇంగ్లాండులో రాజుగారి ఖజానా లెక్కలు గొర్రెతోలు పట్టాల మీద రాసి, కలిపి కుట్టి, చుట్టి పెట్టేవాళ్లు. వాటిని పైప్ రోల్స్ అంటారు. మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది 1129-30 నాటిది. ఆ తర్వాత కొన్ని ఖాళీలు తప్ప ఏడు వందల ఏళ్లు అలాగే రాస్తూ వచ్చారు. చట్టాలు, తీర్పులు, భూముల దస్తావేజులు అన్నీ చుట్టలే. ఆ చుట్టల్ని కాపాడే అధికారి మాస్టర్ ఆఫ్ ది రోల్స్. ఆ పదవి ఇప్పటికీ ఉంది, ఇంగ్లాండులో సివిల్ అప్పీళ్లు వినే కోర్టుకు పెద్ద ఆయనే.

ఆ చుట్టలో పేరెక్కించడం ఎన్‌రోల్. చుట్ట చూసి పేర్లు పిలవడం రోల్ కాల్. జీతాల చుట్ట పేరోల్. ఇక కంట్రోల్ చూడండి. ఒక గుమాస్తా చుట్టలో లెక్క రాస్తాడు, అతను డబ్బు తినేయకుండా ఇంకొకడు విడిగా ఇంకో చుట్టలో అదే లెక్క రాస్తాడు. ఏడాది చివర రెండు చుట్టల్నీ పక్కపక్కన పెట్టి సరిచూస్తారు. ఆ రెండో చుట్ట లాటిన్‌లో కోంట్రారోటులుస్, ఎదురు చుట్ట. అదే కంట్రోల్. ఇంద్రియాల్ని కంట్రోల్లో పెట్టుకోమన్నా, టీవీ రిమోట్ కంట్రోల్ అన్నా, మూలంలో ఉన్నది ఒకరి లెక్కను ఇంకొకరు సరిచూసే ఆడిటే. దాన్ని కాంప్‌ట్రోలర్ అని రాసే పద్ధతి ఉంది కదా, లెక్క అని అర్థమున్న ఫ్రెంచి మాటతో ఎవరో ముడిపెట్టడం వల్ల మధ్యలో ఆ అక్షరాలు దూరాయి. అవి ఉన్నా చాలామంది పలకరు.

నాటకంలో పాత్రను రోల్ అనడం కూడా ఇక్కడిదే. ఆ రోజుల్లో నాటకం మొత్తం రాసి ప్రతి నటుడికీ ఇవ్వడం ఖర్చు. అందుకని ఎవరి మాటలు వాళ్లకే కాయితం ముక్కల మీద రాసి, అతికించి, చుట్టి ఇచ్చేవాళ్లు. షేక్స్‌పియర్ కాలపు నటుడు ఎడ్వర్డ్ ఆలెన్ వాడిన అలాంటి చుట్ట ఒకటి లండన్‌లోని డల్విచ్ కాలేజీలో భద్రంగా ఉంది. అందులో ఆయన పాత్ర మాటలు మాత్రమే ఉంటాయి. అవతలి పాత్ర ఏమంటుందో ఉండదు. ఒక పొడుగాటి గీత, దాని చివర అవతలివాడి ఆఖరి రెండు మూడు మాటలు, అంతే. ఆ మాటలు చెవిన పడగానే తన వంతు అందుకోవాలి. నటుడి చేతిలో ఉన్నది కథ కాదు, అందులో తన దారపుపోగు. జీవితంలో నా రోల్ ఏమిటి అని ఎవరైనా అంటే నాకు ఆ గీతలే గుర్తొస్తాయి.

వోల్వెరె అనే లాటిన్ క్రియ అన్నాను కదా, దాని సంతానం ఇంకా పెద్దది. పాపిరస్ (రెల్లు లాంటి మొక్కతో చేసే పాతకాలపు కాయితం) చుట్టని రోమన్లు వోలుమెన్ అనేవాళ్లు. చదివేవాడు కుడిచేత్తో చుట్టను కొంచెం కొంచెంగా విప్పుతూ, చదివేసిన భాగాన్ని ఎడమచేత్తో చుట్టుకుంటూ పోతాడు. ఆఖరికి వచ్చాక మళ్లీ మొదటికి చుట్టిపెట్టాలి, లేకపోతే తర్వాతివాడికి పుస్తకం చివరి నుంచి మొదలవుతుంది. ఇప్పుడు మనం వాడే పేజీల పుస్తకం వచ్చి చుట్టల్ని పక్కకు నెట్టేశాక కూడా పుస్తకాన్ని వాల్యూమ్ అంటూనే ఉన్నారు. పుస్తకం ఎంత లావుంది అన్నదాన్నుంచి ఎంత చోటు ఆక్రమిస్తుందన్న అర్థం వచ్చింది, దాన్నుంచి శబ్దం ఎంత పెద్దదన్న అర్థం. ఫోనులో వాల్యూమ్ తగ్గించినప్పుడల్లా మనం ఒక పాపిరస్ చుట్ట పేరు పలుకుతున్నాం. స్క్రోల్ మాట ఇంకో తమాషా. అది మొదట తోలుముక్క అనే అర్థమున్న ఫ్రెంచి మాట, రోల్ మాట పక్కన తిరిగి తిరిగి దాని రూపు పట్టుకుంది. దాని అసలు రూపు పోకుండా ఎస్‌క్రో అనే మాటలో మిగిలింది, రెండు పక్షాల డబ్బును మూడోవాడి దగ్గర పెట్టే ఎస్‌క్రో ఖాతా అంటారే, అదే. వేలితో ఫోన్ స్క్రోల్ చేయడానికీ బ్యాంకులో ఎస్‌క్రోకీ మూలం ఒక్కటే.

చుట్ట విప్పడాన్ని లాటిన్‌లో ఏవోలూటియో అన్నారు. రోమన్ వక్త సిసిరో ఆ మాటను కవుల పుస్తకాలు చదవడం అనే అర్థంలోనే వాడాడు. 18వ శతాబ్దంలో జీవశాస్త్రంలోకి వచ్చినప్పుడు కూడా చుట్ట విప్పుకోవడమనే ఊహే ఉంది. గుడ్డులో జీవి ముందే మొత్తం తయారై మడతపెట్టుకుని ఉంటుందని, పెరగడమంటే ఆ మడత విప్పుకోవడమేనని కొందరు నమ్మేవాళ్లు. దానికే ఎవల్యూషన్ అనే పేరు పెట్టారు. డార్విన్ చెప్పినది దీనికి నేరుగా ఎదురు: ముందే రాసిపెట్టింది ఏదీ లేదు. అందుకే 1859 నాటి ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ మొదటి ముద్రణలో ఎవల్యూషన్ అనే మాట లేదు, మార్పులతో కూడిన వారసత్వం అనే ఆయన అన్నాడు. ఎవాల్వ్డ్ అనే రూపం మాత్రం ఒకే ఒక్కసారి వస్తుంది, పుస్తకంలో ఆఖరి మాటగా. ఎవల్యూషన్ అనే మాట ఆ పుస్తకంలోకి 1872లో ఆరో ముద్రణకి వచ్చింది.

ఆ పుస్తకం మొదటి అధ్యాయంలోనే మన టంబుల్ కూడా ఉంది. డార్విన్ తన ఇంట్లో పావురాలు పెంచాడు, లండన్ పావురాల క్లబ్బుల్లో చేరి పెంపకందార్లతో కూర్చుని మాట్లాడాడు. టంబ్లర్ అనే జాతి పావురం గురించి రాస్తూ, అవి గుంపుగా చాలా ఎత్తుకి ఎగిరి గాల్లో హెడ్ ఓవర్ హీల్స్ పల్టీలు కొడతాయని, ఆ అలవాటు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందని చెబుతాడు. ఒంటి దారిన వచ్చిన మాట మొదటి అధ్యాయంలో, కాయితం దారిన వచ్చిన మాట ఆఖరి వాక్యంలో. ఆయన కావాలని చేశాడని నేననను. కానీ ఈ రెండు దారులూ ఒకే పుస్తకంలో కలిసిన చోటు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

రివల్యూషన్ గురించి ఒక్క మాట. 1543లో వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త కోపర్నికస్ పుస్తకం పేరులో ఈ మాటకు అర్థం గ్రహాల గోళాలు తిరిగి తిరిగి మొదటి చోటికి రావడం. రాజకీయాల్లోకి వచ్చిన కొత్తలో కూడా చక్రం తిరిగి పాత చోటికి రావడమనే అర్థమే ఉండేది, పాతదాన్ని కూల్చి కొత్తది కట్టడమనే అర్థం తర్వాత బలపడింది.

చివరగా, రోల్‌కీ టంబుల్‌కీ అర్థంలో తేడా ఎక్కడుంది? రెండింటికీ నిఘంటువులో దొర్లడం అనే ఉంటుంది. నా లెక్కలో తేడా ఇరుసులో ఉంది. రోల్ అయ్యే వస్తువు ఒకే ఇరుసు చుట్టూ తిరుగుతుంది. బంతి, పీపా, చక్రం. ఏ క్షణంలో ఏ భాగం నేలను తాకుతుందో ముందే చెప్పొచ్చు. ఓడలకీ విమానాలకీ ఇంజనీర్లు రోల్ అనే మాటను ఈ కచ్చితమైన అర్థంలోనే వాడతారు: ముక్కు నుంచి తోక దాకా గీసిన గీత చుట్టూ పక్కకి ఒరగడం. ముక్కు పైకీ కిందికీ ఊగితే అది పిచ్, కుడికీ ఎడమకీ తిరిగితే యా. టంబుల్ అయ్యే వస్తువుకి అలాంటి స్థిరమైన ఇరుసు ఉండదు. అందుకే రోడ్ రోలర్ టంబుల్ అవదు, మెట్ల మీంచి పడ్డ కుర్చీ రోల్ అవదు.

ఖగోళ శాస్త్రవేత్తలు ఈ తేడాను పట్టుకుని టంబ్లింగ్‌ని సాంకేతిక పదంగా చేసుకున్నారు. 2017లో సౌరకుటుంబం బయటి నుంచి వచ్చిన ఔమువామువా అనే వస్తువు కనిపించినప్పుడు, అది ఇలా స్థిరమైన ఇరుసు లేకుండా తిరుగుతోందని దాని వెలుగు మారే తీరును బట్టి తేల్చారు. శనికి హైపీరియన్ అనే చందమామ ఉంది. గుండ్రంగా ఉండదు, ఒక వైపు 360 కిలోమీటర్లు, ఇంకో వైపు 205 కిలోమీటర్ల వంకరటింకర ముద్ద. 1984లో విజ్డమ్, పీల్, మిన్యార్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు లెక్కలు కట్టి, దాని తిరుగుడుకి క్రమమంటూ ఉండకూడదని చెప్పారు. తర్వాత చూసిన పరిశీలనలు దాన్ని బలపరిచాయి. దాని కక్ష్య మనకు తెలుసు, ఫలానా రోజున ఎక్కడుంటుందో చెప్పగలం. ఎటు తిరిగి ఉంటుందో మాత్రం కొన్ని నెలలు దాటితే చెప్పలేం. శాస్త్రవేత్తలు దాన్ని వర్ణించడానికి ఎంచుకున్న క్రియ రోల్ కాదు, రొటేట్ కూడా సరిపోలేదు. టంబుల్ అన్నారు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.